తప్పుచోట తీసిన ఊపిరి

బెంగాల్లోని సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లో లోపలి గది దెబోరాది. క్షయ తిరగబెట్టిందని తెలిసిన నాటి నుంచి ఆమె ఆ గది దాటి రాలేదు. పళ్ళెం వేరు, గ్లాసు వేరు, దుప్పటి వేరు. రెండు టేప్‌రికార్డర్లు, ఒక చిన్న కీబోర్డు దగ్గర పెట్టుకుని ఆ గదిలోనే పాటల ఆల్బమ్ ఒకటి చేస్తోంది. పాటలన్నీ జయరాజు కోసమే. పెళ్ళి మాటల దాకా వచ్చిన జయరాజు, జబ్బు సంగతి తెలిశాక విశాఖపట్నం బదిలీ అయి వెళ్ళిపోయాడని తండ్రి జీవరత్నం చెప్పాడు. ఆదివారం సాయంత్రాలు తెలుగు క్రైస్తవ సంఘం వాళ్ళు వాకిట్లో నిలబడి ఆమె స్వస్థత కోసం కీర్తన పాడి, ప్రార్థన చేసి వెళుతుంటారు. దెబోరా ఆ కీర్తనను కిటికీ పైరెక్కకు వేలాడదీసిన మైకుతో రికార్డు చేసి, తన ప్రేమపాట వెనక కోరస్‌గా పెట్టుకుంది. అది మేనత్త అచ్చమ్మ చెవిన పడింది. పోయిన వారం మనం ఆగినప్పుడు, గూడ్సు గార్డు డ్యూటీ దిగి వచ్చిన జీవరత్నం బూట్లయినా విప్పకుండా కూతురి గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

*

"ఆ క్యాసెట్టు ఇలాగియ్యి," అన్నాడు.

"ఏ క్యాసెట్టు, నాన్నా?"

"గొడవ సెయ్యకు, ఝామేలా పెట్టకు. పార్థనకి మేళం కట్టినావంట. అత్త సెప్పింది."

వరండాలో బియ్యం ఏరుతున్న అచ్చమ్మ చేట ఆపింది. "మేళం కాదురా, డిస్కో! నా గొంతు కూడా ఉందందులో. ఈ వయసులో నన్ను డిస్కోలో పాడించీసింది. ఆల్బమ్మంట! ఫోటోలంటించుకునేదే ఆల్బమ్మని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను."

"అప్పా, నువ్వు కాసేపు ఊరుకో," అన్నాడు జీవరత్నం అక్కతో.

"ఊరుకుంటాను. మరి నా గొంతు బాగొచ్చిందో లేదో అడుగు ముందు."

జీవరత్నం నవ్వలేదు. గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. అప్పుడు దెబోరా ఒకటి గమనించింది. ఆయన మూతికి రుమాలు లేదు. ఇన్ని నెలల్లో రుమాలు లేకుండా ఆయన ఈ గదిలోకి రావడం ఇదే మొదలు. కోపం ఆయన చేత జాగ్రత్తను మరిపించింది. ఆ మతిమరుపు ఆమెకు ఒక చేయి వచ్చి తాకినట్టు అనిపించింది. మనిషి జబ్బు పడ్డాక అతని మీద కోపం తెచ్చుకోవడం అందరూ మానేస్తారు. జాలితో మాట్లాడతారు, మెల్లగా నడుస్తారు. ఒక్కరైనా తన మీద అరిస్తే బాగుండునని ఆమె ఎన్ని మధ్యాహ్నాలు అనుకుందో.

"ఇస్తాను," అంది. "ఇచ్చేముందు ఒక్కసారి విను. విన్నాక నీ ఇష్టం. టేపు లాగి పారెయ్యి, నేనేమీ అనను."

ఆయన నిలబడే ఉన్నాడు. ఆమె పెద్ద టేప్‌రికార్డర్ మీట నొక్కింది.

ముందు మాత్రల సీసా గలగల వినిపించింది, తాళం లాగ. దాని మీద కీబోర్డు. ఆ వెనక ఎక్కడో దూరాన మనుషుల గొంతులు లేచి, ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటి ముందు, చెవి దగ్గరికి వచ్చి చెప్పినట్టుగా, దెబోరా గొంతు.

*గోడకి చెప్పాను నువ్వున్నావని,*
*గోడ నమ్మింది, నేను నమ్మలేదు.*
*రైలు వెళ్ళాక మిగిలే చప్పుడులో*
*నీ పేరు వెతికే పని నాది.*

గట్టిగా పాడొద్దని డాక్టరు మరీమరీ చెప్పాడు. చిన్నప్పటి నుంచి తండ్రి నేర్పింది మాత్రం గొంతును గుడి చివరి బెంచీ దాకా విసరడమే. విసరకుండా పాడటం మైకు దగ్గరే ఆమెకు అలవాటయింది. పెదవి మైకుకు ఆనేంత దగ్గరగా, దాదాపు మాట్లాడినట్టు పాడితే చాలు, గొంతులోని చిన్న గరగర కూడా టేపు మీదికి వచ్చేస్తుంది. సంఘం మొత్తానికీ వినిపించే గొంతు ఆమె దగ్గర ఇప్పుడు లేదు. మిగిలినది ఒక్క మనిషికి మాత్రమే సరిపోయే గొంతు. టీకొట్లలో ఈ మధ్య హోరెత్తుతున్న పాటలు, సినిమాతో పని లేకుండా ఎవరికి వాళ్ళు రాసుకుని పాడుకునే పాటలు, ఇలాంటి గొంతుతోనే పాడుతున్నారని ఆమె తర్వాత గ్రహించింది. జబ్బు లేకపోతే ఆమె ఈ ఆల్బమ్ మొదలుపెట్టేది కాదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా జబ్బు మీద పూర్తిగా కోపం తెచ్చుకోవడం ఆమెకు కష్టమయ్యేది.

"ఇదేటి, సెవిలో గుసగుసలాడినట్టు," అన్నాడు జీవరత్నం.

"అలాగే పాడాలి, నాన్నా, ఇప్పుడు."

"నీ కోసం మోకరించినోళ్ళ పాట అది. రామమ్మకి మోకాళ్ళ నొప్పి, అయినా వస్తాది. పోలిరాజు టికియాపారా నించి నడిసొస్తాడు. ఆళ్ళు దేవుడికి పాడినారు. దాన్ని నువ్వు..." మాట ఆగింది. ఆయన తల కొద్దిగా పక్కకు వంగింది. ఇరవై ఏళ్ళుగా సంఘం పాటల బృందానికి, క్వైరుకు, మాస్టరు ఆయన. కోపంలో ఉన్నా చెవి తన పని తాను చేసుకుపోతోంది. "ఉండు. ఇది మనం పాడిన సురం కాదు. పైన ఉంది."

"కాపీ చేసినప్పుడల్లా పైకి పోతాది. ఒక మెషీన్‌లో పాడిస్తూ ఇంకోదాంట్లో రికార్డు చెయ్యాలి కదా. చిన్న మెషీన్ కొంచెం తొందరగా తిరుగుతాది. ఒక్కో కాపీకి అందరి గొంతులూ సన్నబడిపోతన్నాయి. పోలిరాజు తాత కుర్రాడైపోనాడు, విను."

ఆయన విన్నాడు. ముఖంలో ఏదో మెత్తబడబోయి, మళ్ళీ బిగిసింది.

"అందుకే నాకు గుర్తు తెలియట్లేదు," అంది దెబోరా.

"ఎవర్ని?"

"టెనర్ ఎవరు పాడతన్నారు?"

టెనర్ అంటే మగవాళ్ళలో పై గొంతు. సంఘంలో ఆ గొంతు ఒక్కటే ఉండేది, జయరాజుది. బడ్జ్ బడ్జ్ చమురు డిపోలో పని. ఆదివారాలు రైళ్ళూ బస్సులూ మారి ఇంత దూరం వచ్చి పాడేవాడు. అతను వెళ్ళిపోయాక ఆ వరస ఖాళీగా ఉండాలి.

"పోలిరాజు," అన్నాడు జీవరత్నం.

"పోలిరాజు తాతది కింది గొంతు కదా. పైకెత్తితే దగ్గొస్తాది."

"ఈ మధ్య నేర్పినాను."

దెబోరా పెద్ద టేప్‌రికార్డర్ ఆపి, మంచం కింది నుంచి ఇంకో క్యాసెట్టు తీసింది. పోయిన ఆదివారం మైకు నేరుగా పట్టుకున్న అసలు రికార్డు, ఒక్క కాపీ కూడా కానిది. దాన్ని చిన్న మెషీన్‌లో పెట్టి, వేగం కాస్త తగ్గేలా వేలితో చక్రాన్ని ఆనించి పట్టుకుంది.

ఈ క్యాసెట్టు ఆమె ఇప్పటికే లెక్కలేనన్నిసార్లు వింది. ఆఖరి చరణంలో ఒక గొంతు కిటికీకి చాలా దగ్గరగా వస్తుంది. ఆఖరి మాటకు ముందు, ఊపిరి తీయకూడని చోట, ఊపిరి తీస్తుంది. అది జయరాజు తప్పు. ఎన్నేళ్ళు దిద్దినా పోని తప్పు. కాని విన్న ప్రతిసారీ ఆమెకు అనుమానం వచ్చేది. ఆ ఊపిరి టేపులో ఉందా, తనలో ఉందా? కావాలనుకున్నది వినిపించడం మొదలయ్యాక చెవిని నమ్మడం ఎలా? కిటికీ కింది అద్దాలకు అచ్చమ్మ పాత కేలండర్ కాగితాలు అంటించింది. ఒక మూల లేపి చూస్తే వాకిలంతా కనిపిస్తుంది. ఇన్ని ఆదివారాల్లో దెబోరా ఆ మూల ముట్టుకోలేదు. ఆమెకు ఇంకొకరి చెవి కావాలి. ఆశ పడని చెవి.

కీర్తన సాగింది. మధ్యలో లోకల్ రైలు పోయింది. పాడేవాళ్ళు అలవాటుగా ఆగి, అది వెళ్ళాక అందుకున్నారు. ఆఖరి చరణం వచ్చింది.

ఆమె టేపును వినడం లేదు. తండ్రి కుడి చేతిని చూస్తోంది.

జీవరత్నం క్వైరుకు చేసే సైగ ఒకటుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి గాలిలో సన్నని దారం లాగినట్టు పక్కకు లాగుతాడు. తెగకూడదు అని. ఎవరైనా మధ్యలో ఊపిరి తీస్తే ఆ వేళ్ళు చటుక్కున విడిపోయి, మణికట్టు కిందికి విరుగుతుంది. చిన్నప్పుడు దెబోరాకు ఆ విరుపంటే బెత్తం కంటే భయం.

టేపులో గొంతు కిటికీ దగ్గరికి వచ్చింది. జీవరత్నం వేళ్ళు, ప్యాంటు పక్కన వేలాడుతున్నవి, తమంతట తామే కలుసుకున్నాయి. దారం పట్టుకున్నాయి. ఆఖరి మాట రాబోయే ముందు, ఊపిరి వినిపించడానికి ఒక క్షణం ముందే, మణికట్టు విరిగింది.

ముందే. వినిపించాక కాదు.

ఆయన తన చేతిని తనే చూసుకున్నాడు, అది వేరే ఎవరిదో అయినట్టు. నెమ్మదిగా దాన్ని కోటు జేబులోకి దోపుకున్నాడు.

"జయరాజు విశాఖపట్నం వెళ్ళలేదు," అంది దెబోరా. అడగలేదు.

జీవరత్నం మంచం చివర కూర్చున్నాడు. ఆ మంచం మీద కూర్చోవడం కూడా ఇదే మొదలు.

"పెతీ వారం వస్తన్నాడు. కిటికీ కాడ నిలబడతాడు. నాతో మాటాడడు, నేనూ మాటాడను."

"నాకెందుకు చెప్పలేదు?"

"వాళ్ళమ్మ పున్నమ్మ వచ్చింది. పాస్టరుగారి ముందు నా చేత మాట తీసుకుంది. మావోడి పేరు మీ పిల్ల దగ్గర ఎత్తొద్దని." బూటు తాడు విప్పబోయి వదిలేశాడు. "అదొక్కటే కాదులే. మీ అమ్మ కూడా ఈ గదిలోనే పడుకుంది. రేపు తగ్గిపోతాది రోజమ్మా, రేపు తగ్గిపోతాది అని దినామూ చెప్పినాను. కడాకి నా కేసి ఎలాగ చూసేదో నీకు తెలీదు. ఆ చూపు నీ కాడ చూడలేననుకున్నాను."

దెబోరా అమ్మ ముఖం గుర్తు తెచ్చుకోబోయింది. ముఖం రాలేదు. తడి గుడ్డ వాసన వచ్చింది.

"ఆ మూల కాయితం లేపి చూస్తే సరిపోను గదా," అన్నాడు జీవరత్నం. "ఇన్ని టేపులు, ఇన్ని మెషీన్లు దేనికి?"

"చూస్తే లేడనుకో, నాన్నా?"

ఆయన లేచి నిలబడ్డాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండా చెప్పాడు.

"ఇకమీదట రాడు. ఖరగ్‌పూర్ సంబంధం ఖాయం చేసింది వాళ్ళమ్మ. ఈ ఆదివారం బడ్జ్ బడ్జ్ గుడిలో ఆడి పెళ్ళి పెకటన. మూడు ఆదివారాలు సదువుతారు గదా, ఇది మొదటిది. పిల్ల తరపోళ్ళు కూడా వస్తారంట, భోజనాలంట." గొంతు తగ్గించాడు. "మంచోడే. వాళ్ళమ్మ ముందు మాత్రం గొంతు రాదు ఆడికి."

క్యాసెట్టు సంగతి ఆయన మరిచిపోయాడో, మరిచిపోయినట్టు వెళ్ళాడో ఆమెకు తెలియలేదు. వరండాలో అచ్చమ్మ గొంతు వినిపించింది. "ఏటిరా, నా గొంతెలాగుంది?" "బాగుందప్పా," అన్నాడు ఆయన. "శానా బాగుంది."

*

తెలియకముందు ఎదురుచూడటం ఒక పని. తెలిశాక అది పని కాదు, ఖాళీ. ఆదివారం దాకా దెబోరా కొత్త పాట ఏదీ ముట్టుకోలేదు. ఆల్బమ్‌లో ఆఖరి పాట మిగిలి ఉంది. దానికి మాటలు ముందే రాసుకుంది, బెంగాలీ బడిలో చదివింది కనక బెంగాలీ అక్షరాల్లో తెలుగు మాటలు. చదివితే ప్రతి మాటా ఇంకొకరి పెళ్ళికి రాసినట్టుంది. ఒక సంగతి మాత్రం ఆమెను వదలలేదు. అతను ఉన్నాడు. ఆ గొంతు తన కోరిక పుట్టించినది కాదు. ఇన్ని నెలలుగా తన మతి మీద తాను పెట్టుకున్న అనుమానం తప్పు. దానికి ఏడవాలో సంతోషించాలో తెలియక, రెండూ చేయకుండా, మాత్రలు మింగి పడుకుంది.

ఆదివారం సాయంత్రం వాకిట్లో చెప్పుల చప్పుడు మొదలైంది. మోకాళ్ళ నొప్పితో రామమ్మ మూలుగు. పోలిరాజు దగ్గు. ఎవరో అచ్చమ్మను ఆటపట్టించారు, "డిస్కో అత్తా, ఈ వారం రికార్డింగుందా?" "ఉందిలే, నువ్వు వెనక్కెళ్ళి నిలబడు, నీ గొంతు పడితే మెషీన్ పాడైపోతాది," అని అచ్చమ్మ జవాబు.

దెబోరా హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. రికార్డు మీట నొక్కింది. ఎర్రదీపం వెలిగింది. ఎందుకు నొక్కిందో తెలియదు. అతను లేని కీర్తన ఎలా ఉంటుందో ఒక రుజువు కావాలేమో.

ఆ గొంతు లేదు. మొదటి చరణంలో ఆ వరస ఖాళీ. రెండో చరణంలోనూ ఖాళీ. ఆడవాళ్ళ గొంతులకూ పోలిరాజు కింది గొంతుకూ మధ్య, ఒక పన్ను ఊడిన చోటులాగ, ఆ ఖాళీ స్పష్టంగా వినిపిస్తోంది. ఎక్కడ ఏ స్వరం రావాలో ఆమెకు తెలుసు. రాని స్వరాలను ఒక్కొక్కటిగా వింది.

ఆఖరి చరణంలో ఎవరో అందుకున్నారు.

ముసలి గొంతు. పై స్వరాల దగ్గర వణుకుతోంది, పట్టు దొరక్క జారుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. కిటికీకి బాగా దగ్గరగా వచ్చి, కేలండర్ కాగితం అదిరేలా పాడుతోంది. ఆఖరి మాటకు ముందు, ఊపిరి తీయకూడని చోట, కావాలని, గట్టిగా, ఊపిరి తీసింది.

దెబోరా చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. జీవితంలో ఎప్పుడూ ఆ చోట ఊపిరి తీయని మనిషి, తీసినవాళ్ళను చేతి విరుపుతో శిక్షించిన మనిషి, కూతురు వింటుందని తీశాడు. అబద్ధమని ఆమెకు తెలుస్తుందని ఆయనకు తెలుసు. అయినా తీశాడు. ఆయన తనకు ఇవ్వగలిగింది ఈ తప్పు ఒక్కటే.

అప్పుడు రెండో ఊపిరి వినిపించింది.

అదే చోట, ఒక్క అర క్షణం ఆలస్యంగా. ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది. ఆ గొంతు ఇంకా ఉంది. మైకు వేలాడుతున్న వాకిటి వైపు నుంచి కాదు. వీపు వెనక నుంచి, రైలు పట్టాల వైపు ఉన్న చెక్క కిటికీ నుంచి. మసి పడుతుందని అచ్చమ్మ జబ్బు మొదట్లోనే గడియ వేసేసిన కిటికీ అది. ఆఖరి మాట అటు నుంచి వచ్చింది, నిండుగా, వణుకు లేకుండా.

వాకిట్లో కీర్తన ముగిసింది. ఆమెన్ అనడం అందరూ ఒక క్షణం మరిచిపోయారు.

దెబోరా వెళ్ళి గడియ మీద చేయి వేసింది. తుప్పు చేతికి అంటింది. తీయలేదు.

"దెబోరా." చెక్కకు అటువైపు నుంచి. పరిగెత్తి వచ్చినట్టు ఆయాసంగా ఉంది. "నేనే. పొద్దున్న పెకటన చదివీసినారు."

"తెలుసు," అంది. ఆ మాట మైకు గొంతులోనే వచ్చింది, ఒక్క మనిషికి సరిపోయేంత.

"పాస్టరుగారు అడిగినారు. ఎవరికైనా అభ్యంతరముంటే లేచి సెప్పమని. ఎవరూ లేవరు గదా ఎప్పుడూ." ఊపిరి. "నేను లేచినాను."

గడియ మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. సొంత పెళ్ళి ప్రకటనకు పెళ్ళికొడుకే లేచి నిలబడటం ఏ గుడిలోనూ ఆమె వినలేదు.

"లేచి? లేచి ఏం చెప్పావు?"

అతను మొదలుపెట్టాడు. అప్పుడే పట్టాలు అదిరాయి. లోకల్ రైలు కిటికీ పక్క నుంచి, గ్లాసులు గలగలలాడేలా దూసుకుపోయింది. ఆ మోత కింద అతని గొంతు కదులుతూ ఉండటం తెలుస్తోంది గాని, మాటలు ఒక్కటీ చేరలేదు. ఇన్ని నెలలుగా తను వాకిట్లోని గొంతుల మధ్య వెతికినట్టే ఇప్పుడు ఇనుము మోతలో వెతికింది. పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. వెనక బల్ల మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

రైలు వెళ్ళిపోయింది. మిగిలిన చప్పుడులో మొదట వినిపించింది జయరాజు గొంతు కాదు. పట్టాల వైపు కంకర మీద బూట్లు నడిచి వచ్చి ఆగాయి. జీవరత్నం గొంతు, క్వైరు ప్రాక్టీసులో ఒక వరస సరిగ్గా రానప్పటి ఓపికైన గొంతు, చెక్కకు అటువైపు అంది.

"నాకు వినపడలేదు, బాబూ. ఇంకోసారి సెప్పు. ఈసారి మధ్యలో ఊపిరి తియ్యకుండా సెప్పు."